వైజాగ్‌లో ఈటింగ్ డిజార్డర్ అసెస్‌మెంట్: నాకు ఏం జరిగింది, ఎన్నాళ్ళు పట్టింది, ఎంతైంది

నాకు 26 ఏళ్ళు. గోపాలపట్నంలో ఇంట్లోవాళ్ళతోనే ఉంటాను, రుషికొండలో ఐటీ సపోర్ట్ జాబ్, షిఫ్టులు మారుతుంటాయి. 2025 నవంబర్‌లో నాకు బులీమియా నర్వోసా అని తేల్చారు, అంటే ఆపుకోలేకుండా తినేయడం, తర్వాత వాంతులతోనో కడుపు మాడ్చుకునో దాన్ని సరిచేయాలని చూడటం, ఈటింగ్ డిజార్డర్ అనే తిండికి సంబంధించిన మానసిక జబ్బుల్లో ఇదొకటి. ఆ మాట తేలి, ట్రీట్‌మెంట్ ప్లాన్ చేతికి రావడానికి సెప్టెంబర్ ఆఖరి నుంచి నవంబర్ మూడో వారం దాకా పట్టింది. మధ్యలో ఎవరిని కలవాలి, ఏం అడుగుతారు, ఎంతవుతుంది అని ఎంత వెతికినా తెలుగులో నాకేమీ దొరకలేదు, అందుకే రాస్తున్నా. ముందే చెప్తున్నా, నా బరువు ఎంత, ఏం చేసేదాన్ని, ఎలా చేసేదాన్ని అనేవి రాయను. అలాంటివి చదివినప్పుడల్లా నాకు లోపల పోటీ మొదలయ్యేది, చదివే ఇంకొకళ్ళకి అదే జరగడం నాకిష్టం లేదు.

నన్ను చూస్తే ఎవరూ జబ్బు మనిషి అనుకోరు. సన్నంగా ఉండను. అందుకే నాకు కూడా ఇది జబ్బు అనిపించలేదు, ఎముకలు కనిపించేవాళ్ళకే ఇవన్నీ వస్తాయి, నాది ఒట్టి నోరు కట్టుకోలేని బుద్ధి అనుకునేదాన్ని.

దసరా వారంలో నైట్ షిఫ్ట్ అయ్యి ఎన్‌ఏడీ దగ్గర దిగి నడుస్తుంటే కళ్ళు తిరిగి ఒక మందుల షాపు మెట్ల మీద కూలబడ్డా. షాపతను నీళ్ళిచ్చి అన్నయ్యకి ఫోన్ చేశాడు. మా వీధి డాక్టర్ బీపీ చూసి తక్కువుంది, నీరసం అన్నారు, విటమిన్ గోళీలు, గ్యాస్ గోళీలు రాశారు, 400 రూపాయలు. గొంతులో మంట, ఛాతీలో మంట తగ్గట్లేదంటే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపారు. అక్టోబర్ 6న అక్కడ కన్సల్టేషన్ 800, రెండ్రోజుల తర్వాత ఎండోస్కోపీ 4,000. అన్నవాహిక కింద భాగం ఎర్రగా కందిపోయింది, పుండైతే లేదు.

ఆ రిపోర్టు చూస్తూ ఆయన తలెత్తకుండా అడిగారు, "వాంతులు అవుతున్నాయామ్మా, చేసుకుంటున్నావా?" అని. పక్కన అమ్మ కూర్చుని ఉంది. అవుతున్నాయండి అన్నాను. ఆయనేమీ అనలేదు, "అమ్మా, మీరు కౌంటర్‌లో ఈ కాగితం మీద స్టాంపు వేయించుకురండి" అని అమ్మని పంపించారు. తలుపు పడ్డాక మళ్ళీ అదే ప్రశ్న, అదే గొంతుతో. నాలుగేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను. నన్ను తిడతారేమో అని చేతులు వణుకుతున్నాయి, ఆయన మాత్రం "దీన్ని చూసే డాక్టర్లున్నారు, గ్యాస్ గోళీలతో పోయేది కాదిది" అని ఒక సైకియాట్రిస్ట్ పేరు రాసిచ్చారు. ఆ స్టాంపు అవసరం లేదని తర్వాత వదిన కనిపెట్టింది.

ఇంట్లో ముందు చెప్పింది వదినకే. ఆవిడ పెళ్ళై వచ్చి ఏడాదిన్నరే, కానీ "నాకు తెలుసమ్మడూ, నువ్వు తిన్నాక కుళాయి తిప్పేసి ఎంతసేపు ఉంటావో వింటూనే ఉన్నా, ఎలా అడగాలో తెలీలేదు" అంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి, కానీ ఆ రాత్రి నిద్ర మాత్రం బాగా పట్టింది.

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి "ప్రాబ్లం ఏంటండీ" అంది, తిండి సమస్యండీ అన్నాను, "అయితే డైటీషియన్‌కి ఇచ్చేయమంటారా" అంది. ఎవరికైనా ఇలాగే జరగొచ్చు కాబట్టి ఫోన్‌లోనే సూటిగా "ఈటింగ్ డిజార్డర్ అసెస్‌మెంట్ కావాలి, సైకియాట్రిస్ట్ గారికే ఇవ్వండి" అని చెప్పండి. అక్టోబర్ 17 ఇచ్చారు, అంటే వారం పైనే ఆగాలి. ఆ వారం నాకు చాలా ఘోరంగా గడిచింది, ఎలాగూ డాక్టర్ దగ్గరికెళ్తున్నాం కదా ఇవే ఆఖరి రోజులు అని మనసు ఇంకా రెచ్చిపోయింది. తర్వాత సైకాలజిస్ట్ గారికి చెప్తే చాలామంది ఇదే చెప్తారన్నారు.

అక్టోబర్ 17 శుక్రవారం. ఎంవీపీ కాలనీ దగ్గర క్లినిక్, ఫీజు 1,000. వదిన వచ్చింది. పది నిమిషాల్లో మందులు రాసి పంపేస్తారనుకున్నా, మొత్తం రెండు గంటలు దాటింది. మొదట జూనియర్ డాక్టర్ ఒకమ్మాయి, నాకంటే చిన్నదేమో కూడా, అన్నీ రాసుకుంది. ఎప్పుడు మొదలైంది, మామూలు రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తింటావు, ఒక్కసారి తినడం మొదలుపెడితే ఆపలేకపోతున్నట్టు ఉంటుందా, తర్వాత ఏం చేస్తావు, మోషన్ గోళీలు వాడతావా, సన్నబడే పొడులేమైనా ఆన్‌లైన్‌లో కొన్నావా, పీరియడ్స్ టైమ్‌కి వస్తున్నాయా, చలి ఎక్కువేస్తుందా, ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉందా, మందు సిగరెట్ ఉందా. "రోజూ చేసుకోనండీ, అందుకే ఇది అంత పెద్దది కాదేమో" అన్నాను. వారానికి ఒక్కసారి చొప్పున మూడు నెలలు ఉన్నా చాలు, లెక్కలోకి వస్తుంది అంది. నేను ఏళ్ళ తరబడి ఆ గీతకి ఇవతల ఉన్నాననుకుంటున్నా, అది ఎప్పుడో దాటేశానన్నమాట.

చచ్చిపోవాలనిపించిందా, ఎప్పుడైనా ఒంటిమీద గాయం చేసుకున్నావా అని కూడా అదే మామూలు గొంతుతో అడిగింది. ఒకట్రెండుసార్లు అనిపించింది, ఏమీ చేసుకోలేదు అని చెప్పాను. మొహం మారకుండా రాసుకుని, రాత్రిపూట అలా అనిపిస్తే ఫోన్ చెయ్యమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కాగితం మీద వేసింది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

తర్వాత పెద్ద డాక్టర్. మానసిక డాక్టర్ కదా ఒంటిని ఇంతలా చూస్తారని నేను అనుకోలేదు. పడుకోబెట్టి బీపీ, నాడి చూశారు, లేచి నిలబడమని కాసేపాగి మళ్ళీ చూశారు, లేచినప్పుడు ఎంత మారుతుందో అదే ముఖ్యమట. చేతి వెనక వేళ్ళ కణుపులు చూశారు, టార్చ్ వేసి పళ్ళు చూశారు, చెవుల కింద దవడల దగ్గర రెండు వైపులా నొక్కి "ఇక్కడ వాపుంది, తెలుసా?" అన్నారు. అది వాపని నాకు తెలీదు! బుగ్గలు లావైపోతున్నాయి, మొహానికి కొవ్వు పడుతోంది అని ఏడాదిగా సెల్ఫీలు మానేశాను, ఆ బుగ్గల కోసమే ఇంకా తిండి మానేదాన్ని. అవి లాలాజల గ్రంథులట, వాంతుల వల్లే ఉబ్బుతాయట, మానేస్తే మెల్లగా తగ్గుతాయట. దేనికోసం ఇంత చేసుకున్నానో అదే దీన్ని పెంచుతోందన్నమాట. అక్కడే ఏడ్చాను. వదిన బయట ఉంది, నర్సమ్మ టిష్యూలు ఇచ్చింది.

బరువు చూసేటప్పుడు వెనక్కి తిరిగి నిలబడమన్నారు. నంబర్ నాకు చెప్పలేదు. నాకెంత కోపం వచ్చిందంటే, నా ఒళ్ళు, నా నంబర్, నాకు చెప్పరా అని గొడవపడబోయాను. ఇంకో పక్క అమ్మయ్య అనిపించింది, చెప్పి ఉంటే ఆ రోజంతా ఇంకేమీ వినపడేది కాదు.

ఆఖర్లో నేనే ధైర్యం చేసి అడిగాను, సార్ దీనితోపాటు కాస్త సన్నబడేలా కూడా చూస్తారా అని. ఆయన నవ్వలేదు. "ప్రస్తుతానికి డైటింగ్ పూర్తిగా బంద్. నువ్వు పొద్దున్నుంచి కడుపు మాడ్చుకోబట్టే రాత్రి మీద పడుతోంది. ముందు టైమ్‌కి తినడం, మిగతాదంతా తర్వాత" అన్నారు. ఎందుకొచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అనేది కూడా తర్వాతే అన్నారు. నేను కారణం చెప్తారని వెళ్ళాను, ఆయన టిఫిన్ టైమ్ చెప్పారు. స్కూటీ మీద వదిన వెనకాల కూర్చుని ఇసుకతోట సిగ్నల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు, మళ్ళీ ఈ క్లినిక్ మొహం చూడను అనుకుంటూ వచ్చాను.

ఇంకో మాట, నేను మేజర్ని కాబట్టి నేను ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్ళకి వివరాలు చెప్పరు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ఆ హక్కు ఉందట. ప్రాణం మీదకొచ్చే పరిస్థితి ఉంటే మాత్రం చెప్పాల్సి వస్తుందని ముందే అన్నారు. అమ్మకి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో నేనే రాసి ఇవ్వొచ్చన్నారు, అది బాగా నచ్చింది.

టెస్టులు అదే రోజు. రక్తంలో సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, షుగర్, కిడ్నీ, లివర్, థైరాయిడ్, సీబీసీ (రక్తకణాల లెక్క), అన్నీ కలిపి 3,200. ఈసీజీ 300. పీరియడ్స్ నెలల తరబడి ఆగిపోతే ఎముకల స్కాన్ కూడా చేయిస్తారట, నాకు వస్తున్నాయి కాబట్టి అక్కర్లేదన్నారు.

సాయంత్రం ఏడింటికి క్లినిక్ నుంచి ఫోన్. పొటాషియం 3.1 ఉంది, 3.5 పైన ఉండాలి, సిరప్ వాట్సాప్ చేస్తున్నాం, రేపటిదాకా ఆగకుండా ఈ రాత్రే మొదలుపెట్టండి, గుండె దడ గానీ కాళ్ళు చేతులు లాగేయడం గానీ ఉంటే వెంటనే కేజువాలిటీకి వెళ్ళండి అన్నారు. అంతకుముందు క్లినిక్ మొహం చూడనన్న మనిషిని నోరు మూసుకుని సిరప్ తాగాను. అబ్బా ఆ రుచి! ఉప్పు, చేదు, ఇంకేదో ఇనుప రుచి. గ్లాసుడు నీళ్ళలో కలిపి మెల్లగా తాగమంటారు, తప్పదు. నాలుగో రోజు మళ్ళీ రక్తం ఇవ్వమన్నారు గానీ అప్పటికి దీపావళి, 20న మా దగ్గర ల్యాబ్ మూసేశారు, 21న ఇచ్చాను. 3.6. మిగతావన్నీ నార్మల్, ఈసీజీ నార్మల్. థైరాయిడ్ నార్మల్ అని చూసి అమ్మ కాస్త నిరాశపడింది, థైరాయిడ్ అయితే చుట్టాలకి చెప్పుకోవచ్చు కదా.

ఈ మధ్యలో సైకియాట్రిస్ట్ గారి డైటీషియన్ ఊళ్ళో లేరని తెలిసినవాళ్ళు చెప్పిన ఇంకో డైటీషియన్ దగ్గరికి వెళ్ళాం, 800 తీసుకుని ప్రింటు తీసిన చార్టు ఇచ్చారు. బరువు తగ్గే చార్టు! ఈటింగ్ డిజార్డర్ అని చెప్పాక కూడా. అన్నం బంద్, రాత్రి సూప్. రివ్యూలో అది చూపిస్తే డాక్టర్ గారు మడిచి చెత్తబుట్టలో వేశారు. డైటీషియన్ దగ్గరికి వెళ్ళేముందు ఈటింగ్ డిజార్డర్ కేసులు చూశారా అని అడిగి మరీ వెళ్ళండి, మొహమాటపడకండి.

సైకాలజిస్ట్ కోసం అసలైన వెయిటింగ్. ఈ సమస్య చూసే, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టులు మన దగ్గర ఎక్కువమంది లేరు. బెంగళూరువాళ్ళతో ఆన్‌లైన్‌లో ముందే దొరికేది, కానీ ఏడుస్తూ ఇంగ్లీషులో మాట్లాడటం నా వల్ల కాదు. అక్టోబర్ 29 ఇచ్చారు, ముందురోజే మొంథా తుఫాను, ఊరంతా వాన, అది కాస్తా నవంబర్ 5కి పోయింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి, బీచ్ వైపు వెళ్ళే జనంతో ట్రాఫిక్ ఆగిపోయి ఇరవై నిమిషాలు లేటుగా వెళ్ళాను, పాపం ఆవిడ ఆగారు.

రెండు వారాల్లో రెండు సిట్టింగులు, ఒక్కోటి 1,500, గంటకి పైనే. ఈడీఈ-క్యూ అని 28 ప్రశ్నల కాగితం, అన్నీ గత 28 రోజుల గురించే. డిప్రెషన్‌ది వేరే కాగితం. కాగితాలకంటే నాకు కష్టమైంది ఇంకోటి, ఏ4 షీట్ అడ్డంగా పెట్టి నా వయసు గీతలా గీసి ఎప్పుడు బరువు ఎలా ఉంది, అప్పుడు జీవితంలో ఏం జరుగుతోంది అని పైనా కిందా రాయించారు. ఇంటర్ హాస్టల్, అక్కడ మెస్‌లో అమ్మాయిలు పెట్టిన పేరు, డిగ్రీలో మొదటి డైటింగ్, అందరూ "ఎంత బాగున్నావే" అనడం, పెళ్ళిచూపుల్లో ఒకావిడ "ఫోటోలో ఇంకాస్త నాజూగ్గా ఉంది" అనడం. గీత మీద చూస్తే ప్రతి పెద్ద డైటింగ్ వెనకాలే ఆపలేని తిండి మొదలైంది. ఎవరో చెప్తే నమ్మేదాన్ని కాదు, నా చేతిరాతతోనే ఉంది.

డైరీ ఇచ్చారు. టైమ్, ఎక్కడ, ఏం తిన్నావు, అప్పుడు మనసులో ఏముంది. క్యాలరీలు రాయొద్దని గట్టిగా చెప్పారు. తిన్న వెంటనే రాయాలి, రాత్రికి గుర్తు తెచ్చుకుని రాయకూడదు. ఆఫీసులో ఫోన్ నోట్స్‌లో రాసుకునేదాన్ని, ఎవరైనా చూస్తారని టైటిల్ "ఈఎంఐ" అని పెట్టాను.

ఇదంతా కార్తీక మాసంలో. మా నాన్నమ్మది శ్రీకాకుళం వైపు, సోమవారం ఉపవాసం తప్పదు ఆవిడకి, నాకూ చిన్నప్పట్నుంచి అలవాటు. నిజం చెప్పాలంటే ఉపవాసం నాకు మంచి సాకు, ఆ నెలంతా ఎవరూ ఏమీ అడగరు. డాక్టర్ గారు ఈ ఏడు ఒక్క పూట కూడా వద్దన్నారు. నాన్నమ్మకి ఎలా చెప్పాలా అని ఇంట్లో అందరూ భయపడుతుంటే వదిన వెళ్ళి జబ్బుందని, పొద్దున తినకపోతే గుండెకి ప్రమాదమని చెప్పింది. ఆవిడ కాసేపు జపమాల తిప్పుకుని "ఏటే, దేవుడు అన్నం మానీమన్నాడేటి, దీపమెట్టుకోమన్నాడు. గుంటకి అట్లు పొయ్యండి" అంది. అంతే. మేం రెండు వారాలు భయపడ్డాం దీనికి.

నవంబర్ 16 ఆదివారం చుట్టాలంతా కంబాలకొండ వైపు వనభోజనాలు. నలభై మంది, విస్తట్లో పులిహోర, పనసపొట్టు కూర, ముద్దపప్పు, బూరెలు, కొసరి కొసరి వడ్డించే పిన్నులు. ముందు సిట్టింగ్‌లోనే దీని గురించి అనుకున్నాం, ఒక్కసారి వడ్డించుకున్నది తినడం, రెండోసారి వద్దంటే వదిన అడ్డం పడటం, తిన్నాక గంటసేపు ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకుండా జనంలోనే ఉండటం. ఆ గంట నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. వదిన అంత్యాక్షరి మొదలుపెట్టింది, ఆవిడ గొంతు అస్సలు బాగోదు, పిల్లలు పడీపడీ నవ్వారు. గంట గడిచింది. తర్వాత ఇంకో అరగంటకి ఆ గాభరా దానంతటదే దిగిపోయింది. అది దిగుతుందని అప్పటిదాకా నాకు తెలీదు, ఎప్పుడూ అంతసేపు ఆగలేదు కదా.

నవంబర్ 21న ప్లాన్ మీటింగ్. సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, సరైన డైటీషియన్ ముగ్గురూ ఒకచోటే. మొదటి సగం నేనొక్కదాన్నే, రెండో సగానికి నేను ఒప్పుకుని అమ్మనీ వదిననీ పిలిపించాను. అడ్మిట్ చేస్తారని భయపడ్డాను. పొటాషియం సరిపోయింది, ఈసీజీ బాగుంది, ప్రాణం తీసుకునే ఆలోచన ఇప్పుడు లేదు, ఇంట్లో చూసుకునే మనుషులున్నారు కాబట్టి ఇంటి దగ్గరే అన్నారు. వీటిలో ఏది మారినా ప్లాన్ మారుతుంది అని కూడా రాశారు.

ప్లాన్ అంటే రెండు పేజీలు. మూడు పూటలా తిండి, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, నాలుగు గంటలు దాటి ఖాళీ ఉండకూడదు, ఆకలేసినా వేయకపోయినా గడియారం చూసి తినాలి. ఇంట్లో వండేవే, ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగు. "భయపడే వంటలు" అని నాతో ఒక జాబితా రాయించారు, అవి తర్వాత ఒక్కోటీ కలుపుతారట. బరువు వారానికి ఒక్కసారి క్లినిక్‌లోనే, ఇంట్లో మిషన్ అన్నయ్య ఆఫీసుకి పట్టుకుపోయాడు. సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే టాక్ థెరపీ) సెషన్లు 20, మొదటి నెల వారానికి రెండు, తర్వాత ఒకటి. ఫ్లూక్సెటిన్ అనే డిప్రెషన్ మందు 20 ఎంజీతో మొదలు, మెల్లగా 60 దాకా పెంచొచ్చు, డిప్రెషన్‌కంటే దీనికి డోసు ఎక్కువ కావాలట, ఎవరంతట వాళ్ళు వేసుకునేది, ఆపేసేది కాదు. పొటాషియం టెస్టు రెండు వారాలకోసారి. ఎప్పుడు కేజువాలిటీకి పరిగెత్తాలో వేరే పెట్టెలో రాశారు: స్పృహ తప్పడం, గుండె దడ, వాంతిలో రక్తం. ఆ పేజీ వదిన ఫ్రిజ్ మీద అతికించబోతే అమ్మ పట్టుకుని బీరువాలో పెట్టింది, సంబంధాలవాళ్ళు వస్తారని. చివరికి బీరువా తలుపు లోపల అతికించారు.

షిఫ్టులుంటే ఈ టైమింగ్స్ కుదరవు అంటే డాక్టర్ గారు ఆఫీసుకి లెటర్ ఇచ్చారు, ఆరోగ్య కారణాల వల్ల ఆరు నెలలు డే షిఫ్ట్ ఇవ్వాలి అని. జబ్బు పేరు రాయలేదు, నేను అడగకుండానే. ఆఫీసులో కూడా ఎవరూ అడగలేదు.

డబ్బుల లెక్క. ప్లాన్ చేతికొచ్చేసరికి ఎండోస్కోపీ, పనికిరాని చార్టు కలిపి 16 వేలు దాటింది. ఇప్పుడు సెషన్లకే 30 వేలు అవుతుంది. కంపెనీ ఇన్సూరెన్స్ అడిగితే అడ్మిట్ అయితేనే వస్తుంది, ఓపీకి రాదు. మానసిక జబ్బుకి కూడా ఒంటి జబ్బులాగే ఇన్సూరెన్స్ ఇవ్వాలని చట్టంలో ఉంది, కానీ మా పాలసీలో ఒంటి జబ్బుకి కూడా ఓపీ లేదు, ఇక ఎవరితో వాదిస్తాం. ఇంత పెట్టలేనివాళ్ళు వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీకి వెళ్ళొచ్చని సైకాలజిస్ట్ గారే చెప్పారు, నేను వెళ్ళలేదు కాబట్టి అక్కడి సంగతి రాయట్లేదు.

మొదటి రెండు వారాల్లో చీలమండలు ఉబ్బాయి, చెప్పులు బిగుసుకుపోయాయి. ఎవరైనా ముందే చెప్పకపోతే లావైపోతున్నానని అక్కడే మానేసేదాన్ని. వాంతులు ఆగితే కొన్నాళ్ళు ఒంట్లో నీరు ఉండిపోతుంది, అది కొవ్వు కాదు, దిగిపోతుంది అని మీటింగ్‌లోనే చెప్పారు, చెప్పినట్టే డిసెంబర్ మధ్యకి దిగింది. పూర్తిగా ఆగిపోయిందా అంటే లేదు, నాతో నైట్ షిఫ్ట్ చేసిన ఫ్రెండ్ పెళ్ళి వారంలో మళ్ళీ రెండుసార్లు అయ్యింది, డైరీలో రాశాను, సైకాలజిస్ట్ గారు చదివి ముందురోజు మధ్యాహ్నం ఏం తిన్నావు అని అడిగారు. ఏమీ తినలేదు.

ఇప్పుడు జనవరి మొదటి వారం. ఇంట్లో అరిసెల పాకం గురించి మాటలు నడుస్తున్నాయి, అరిసె నా భయపడే జాబితాలో మూడోది, శుక్రవారం సెషన్‌లో దాని సంగతి తేల్చాలి. పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ఇంకా బాకీ, ప్లాన్‌లో ఉంది గానీ నేనే వాయిదా వేస్తున్నా. వాంతి అయిన వెంటనే బ్రష్ చెయ్యకూడదు, నీళ్ళతో పుక్కిలించి ఆగాలి, లేకపోతే ఎనామిల్ ఇంకా అరుగుతుంది అని మాత్రం చెప్పారు. 12న అపాయింట్‌మెంట్ తీసుకున్నా, ఎంతవుతుందో తెలిశాక కింద రాస్తాను.